ఆడ బ్యారక్‌లో చోటు లెక్క

మహిళా జైలు చాలడం లేదనగానే మనవాళ్లు కొత్త గోడల మాటెత్తుతారు. ఈ రాత్రి లోపల ఎంతమంది పడుకున్నారు, కట్టింది ఎంతమందికి అని చూసి తేడా తీస్తారు. ఉచిత న్యాయ సహాయం లాయరుగా జైలుకు వెళ్లొచ్చే నేను వేసే లెక్క వేరు. నెలకు ముప్పై మంది రిమాండు మీద వచ్చి, సగటున రెండేసి నెలలు ఉండిపోతే అరవై మందికి చోటు కావాలి. అదే నెలలో బయటపడితే ముప్పై చాలు.

2022 చివర్లో దేశంలో మహిళా ఖైదీలు 23,772 మంది, మొత్తం ఖైదీల్లో నూటికి నలుగురు. చంచల్‌గూడ, రాజమహేంద్రవరంలో ఉన్నట్టు వాళ్లకంటూ విడి జైళ్లు కొన్నే. మిగతా చోట్ల మగవాళ్ల జైలు ఆవరణలోనే ఓ మూల ఆడ బ్యారక్. పక్కన మగ బ్యారక్ ఖాళీగా ఉన్నా వీళ్లకు లేనట్టే. శిక్ష పడ్డవాళ్లనూ విచారణ ఖైదీలనూ కలపకూడదు, టీబీ అనుమానం ఉన్నామెను విడిగా ఉంచాలి. అలా చిన్న బ్యారక్ కాగితం మీద సగం ఖాళీగా కనిపిస్తూనే నిండిపోతుంది.

ఇక పిల్లలు. ఆరేళ్లు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులోనే. 2022 చివర్లో 1,537 మంది తల్లుల దగ్గర 1,764 మంది పిల్లలున్నారు. వాళ్లు ఖైదీలు కారు కాబట్టి జైలు సామర్థ్యంలో లెక్కకు రారు. బ్యారక్‌లో మనిషికి ఇవ్వాల్సిన జాగా 3.71 చదరపు మీటర్లు. పాపాయి పాకేదీ, గుడ్డలు ఆరేసేదీ ఆ కాస్తలోనే.

"బెయిలొచ్చిందన్నారుగా మేడమ్, మరి వదలరేం?" ములాఖత్‌లో నేను తరచూ వినే మాట ఇది. ఆర్డరులో ఇద్దరు జామీనుదార్లని ఉంటుంది. ఇంటిపన్ను రసీదు పట్టుకుని కోర్టుకు వచ్చేదెవరు? మగ ఖైదీ కోసం తల్లో పెళ్లామో పుస్తెలు కుదువబెట్టైనా తిరుగుతుంది. ఆడమనిషి లోపలికి వెళ్తే పుట్టింటివాళ్లు కూడా ఫోనెత్తరు. బెయిలొచ్చిన వారంలో విడుదల కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు కబురు పెట్టాలనీ, నెల దాటినా జామీను దొరక్కపోతే షరతు సడలించే సంగతి కోర్టే పరిశీలించవచ్చనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కూడా ఉంది. గతంలో శిక్ష పడనివాళ్లు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపితే, బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, పలు కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. ఈ దారులు వాడకుండా కట్టే ప్రతి బ్యారక్‌లోనూ జామీను దొరకనివాళ్లే వచ్చి పడుకుంటారు.

అందరినీ ఒకే పెద్ద జైలుకు చేర్చడం ఖర్చు తక్కువని కొందరంటారు. నాకు నచ్చదు. ఊరికి నూట యాభై కిలోమీటర్ల దూరాన పెడితే కూలి పోగొట్టుకుని ములాఖత్‌కు ఎవరొస్తారు? చూడటానికే రానివాళ్లు జామీనుకొస్తారా? ఆమె ఇంకో రెండు నెలలు అక్కడే ఉంటుంది, చోటు లెక్క మళ్లీ పెరుగుతుంది. కట్టక తప్పకపోతే కోర్టుకు దగ్గర్లో, బస్సు దిగి నడిచి వెళ్లే చోట చిన్నది కట్టాలి. నక్షా గీసే ముందు మాత్రం బెయిలొచ్చీ లోపలే ఉన్నవాళ్ల జాబితా తెప్పించుకోవాలి.