ఉచిత ఆటగాడికి ఎన్ని ఆంక్షలు?
ఆన్‌లైన్ ఆటల్లో మోసగాళ్లను ఆపే కంచె కొత్తవారిని తరిమేయకుండా ఉండాలంటే ఏం చేయాలి

ఐదుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు ఆడే ఆన్‌లైన్ ఆటను ఊహించుకుందాం. ప్రత్యర్థులు వెనుక నుంచి చుట్టుముడుతున్నారు. అది ఒక ఆటగాడికి మాత్రమే కనిపించింది, కానీ అతడు తన జట్టును హెచ్చరించలేడు. అతడిది ఉచిత ఖాతా కావడంతో మాట్లాడే సదుపాయాన్ని ఆట నిర్వాహకులు తీసేశారు. జట్టు ఓడిపోతుంది. ఆ ఓటమిలో అతడితో పాటు డబ్బు కట్టి ఆడుతున్న మిగతా నలుగురికీ వాటా ఉంటుంది.

ఇది ఊహే అయినా ఇలాంటి ఆంక్ష నిజంగానే వచ్చింది. వాల్వ్ సంస్థ 2007లో విడుదల చేసిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’ ఆట 2011 జూన్‌లో అందరికీ ఉచితమైంది. మొదట్లో ఆంక్షలు తేలికగానే ఉండేవి. ఉచిత ఖాతాకు 50 వస్తువులు పట్టే సంచి ఇచ్చేవారు. ఆటలోని దుకాణంలో ఏదైనా ఒక్కటి కొంటే అది 300 వస్తువులు పట్టే సంచిగా మారేది. తర్వాతి కాలంలో బాట్లు, అంటే మనిషి ప్రమేయం లేకుండా ఆడే ప్రోగ్రాములు, ఆటలోకి గుంపులుగా చొరబడ్డాయి. గురి తప్పకుండా కాల్చడంతో పాటు చాట్‌ను జాతి విద్వేష సందేశాలతో నింపేశాయి. దాంతో 2020 జూన్‌లో సంస్థ కొన్ని కొత్త ఖాతాలకు చాట్‌ను నిలిపివేసింది. బాట్లకు మాట్లాడే అవసరం లేదు కాబట్టి అవి కాల్చుతూనే ఉన్నాయి. గొంతు పోయింది నిజమైన కొత్త ఆటగాళ్లకు. బాట్ల బెడదను తొలగించాలని 2022 మేలో ఆటగాళ్లు సామాజిక మాధ్యమాల్లో పెద్ద ఉద్యమమే చేశారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకున్నట్లయింది ఆ ఆంక్ష.

అలాగని ఆంక్షలేవీ లేకుండా తలుపులు బార్లా తెరిస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో తెలియాలంటే ముందు ఉచితం వెనుక ఉన్న లెక్కను చూడాలి.

ఉచిత ఆటగాడు అతిథి కాడు

సినిమా హాలులో మిగతా సీట్లు ఖాళీగా ఉన్నా సినిమా ఆగదు. నలుగురూ కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఒకరికి వినోదం దొరకాలంటే ఎదుట మరొకరు ఉండాలి. సమాన నైపుణ్యం ఉన్నవారిని ఒకచోట చేర్చే పనిని మ్యాచ్‌మేకింగ్ అంటారు. ఇది చివరికి ఒక వరుసలో నిలబడి ఎదురుచూడటం లాంటిదే.

చిన్న లెక్క వేద్దాం. ఒక స్థాయిలో నిమిషానికి 10 మంది ఆటగాళ్లు వస్తున్నారనుకుందాం. ఆటకు 10 మంది కావాలి కాబట్టి ఒక్క నిమిషంలో జట్లు సిద్ధమవుతాయి. ఇప్పుడు వారిని ఉచిత ఆటగాళ్లు 8 మంది, డబ్బు కట్టినవారు ఇద్దరు అని రెండు వరుసలుగా విడదీస్తే, మొదటి వరుస 75 సెకన్లు ఎదురుచూస్తే చాలు. రెండో వరుసకు 5 నిమిషాలు పడుతుంది. ప్రత్యేక హోదా కోసం డబ్బు కట్టినవారే ఎక్కువసేపు పడిగాపులు కాయాలి.

చాలా ఉచిత ఆటల్లో డబ్బు ఖర్చు పెట్టేవారు కొద్దిమందే. ఆటను సజీవంగా ఉంచేది మిగిలినవారు. ఒక్క ఖాతాను అదనంగా చేర్చుకోవడానికి సంస్థకయ్యే ఖర్చు చాలా తక్కువ, ఆ ఆటగాడు మిగతావారికి ఇచ్చే విలువ మాత్రం ఎక్కువ. అందుకే ఉచిత ఆటగాడిని దయతలచి లోపలికి రానిచ్చిన అతిథిగా చూస్తే లెక్క తప్పుతుంది.

చౌకగా దొరికే పేర్లు

అసలు చిక్కు డబ్బు కట్టకపోవడంలో లేదు, కొత్త ఖాతా తెరవడం మరీ తేలిక కావడంలో ఉంది. ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ అనే పరిశోధకులు 2001లో ఈ సమస్యను గణితపరంగా విశ్లేషించారు. మారుపేరు చౌకగా దొరికే చోట తప్పు చేసినవాడు పాత పేరు వదిలేసి కొత్త పేరుతో తిరిగి వస్తాడు. శిక్షకు అర్థం ఉండదు. అందువల్ల కొత్తగా వచ్చిన ప్రతివారినీ కొంతకాలం అనుమానంతో చూడక తప్పదు. చెడ్డపేరు తెచ్చుకున్నవాడి తప్పుకు, ఏ తప్పూ చేయని కొత్తవాడు మూల్యం చెల్లిస్తాడన్నమాట.

ఊళ్లోకి కొత్తగా వచ్చిన కుటుంబానికి కిరాణా కొట్టులో మొదటి నెల అరువు పుట్టదు. అది వారి మీద కోపం కాదు, వారెవరో ఇంకా తెలియకపోవడమే. నాలుగు నెలలు సరుకులు కొని డబ్బు కట్టాక వారి పేరు ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. ఉచిత ఆటలోని ఆంక్ష కూడా అలాంటిదే కావాలి.

దీనికి తోడు మరో ప్రమాదం ఉంది. ఒకే వ్యక్తి వందల ఖాతాలు సృష్టించి వందమందిలా నటించవచ్చు. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని సిబిల్ దాడి అంటారు. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగానికి చెందిన జాన్ డూసర్ 2002లో ప్రచురించిన పరిశోధనా పత్రంతో ఈ పేరు స్థిరపడింది. గుర్తింపును ధ్రువీకరించే నమ్మకమైన కేంద్రం ఏదీ లేనప్పుడు ఇలాంటి దాడిని పూర్తిగా నివారించడం ఆచరణలో దాదాపు అసాధ్యమని ఆయన చూపారు. కాబట్టి ప్రతి ఖాతాకూ ఎంతో కొంత ఖర్చు ఉండాలి. ఆ ఖర్చును ఏ రూపంలో వసూలు చేయాలన్నదే ప్రశ్న.

డబ్బు, కాలం, ఫోన్ నంబరు

మొదటి రూపం డబ్బు. చూడటానికి ఇదే గట్టి గోడలా కనిపిస్తుంది. బ్రిటన్‌కు చెందిన జాజెక్స్ సంస్థ ఆట ‘రూన్‌స్కేప్’ అనుభవం వేరే కథ చెబుతుంది. 2001లో మొదలైన ఈ ఆటలో ఉచిత ఆటగాళ్లూ, చందాదారులూ ఉంటారు. ఆటలోని బంగారాన్ని పోగేసి బయట అసలు డబ్బుకు అమ్ముకునే ముఠాలు దొంగిలించిన క్రెడిట్ కార్డులతో చందాలు కట్టేవి. ఖాతాకు ధర పెట్టినా ఆ ధర మోసగాడి జేబులోంచి రాలేదు. చివరికి 2007 డిసెంబరు, 2008 జనవరిలో సంస్థ ఆటగాళ్లందరి మధ్య వస్తుమార్పిడిపైనే కఠిన పరిమితులు పెట్టింది. స్నేహితుడికి ఉదారంగా ఒక బహుమతి ఇచ్చుకోవడం కూడా కష్టమైంది. 2011 జనవరిలో అభిప్రాయ సేకరణ జరిపితే 12 లక్షల ఓట్లు పోలయ్యాయి. వాటిలో 91 శాతం పాత స్వేచ్ఛనే కోరాయి. ఆ ఫిబ్రవరిలో ఆంక్షలు తొలగిపోయాయి.

రెండో రూపం కాలం. ‘కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్’ 2018 డిసెంబరులో ఉచితమైంది. డబ్బు కట్టినవారికి ‘ప్రైమ్’ హోదా ఉండేది. ఉచితంగా ఆడేవారు కూడా చాలాకాలం ఆడి 21వ స్థాయికి చేరితే ఆ హోదా దక్కేది. ఇది న్యాయమైన దారే. కానీ మనిషికి కాలం విలువైనది, బాట్‌కు కాదు. రాత్రింబవళ్లు ఆడే ప్రోగ్రాముకు 21వ స్థాయి పెద్ద లెక్కేమీ కాదు. 2021 జూన్‌లో వాల్వ్ ఆ దారిని మూసేసింది. ప్రైమ్ కావాలంటే కొనుక్కోవాల్సిందే. ప్రైమ్ లేనివారికి ర్యాంకులు, అనుభవ పాయింట్లు కూడా రాకుండా పోయాయి. కేవలం ఆడిన గంటలను లెక్కపెట్టి మనిషిని గుర్తించలేమన్నది ఇక్కడి పాఠం.

మూడో రూపం ఫోన్ నంబరు. ‘డోటా 2’లో 2017 నుంచి ర్యాంకు మ్యాచ్‌లకు ఒక్కో ఖాతాకు ఒక్కో నంబరు తప్పనిసరి చేశారు. నంబరు తీసేస్తే మరో ఖాతాకు జత చేయడానికి మూడు నెలలు ఆగాలి. ఒకరికి పది నంబర్లు దొరకడం కష్టం కాబట్టి ఇది బాగానే పనిచేస్తుంది. అయితే హద్దు దాటితే ఏమవుతుందో 2022 అక్టోబరులో ఉచితంగా విడుదలైన ‘ఓవర్‌వాచ్ 2’ చూపింది. బ్లిజార్డ్ సంస్థ ఫోన్ నంబరు అడగడమే కాక, కొన్ని ప్రీపెయిడ్ నంబర్లను తిరస్కరించింది. పాత ఆటను డబ్బు పెట్టి కొన్నవారు కూడా బయటే నిలబడాల్సి వచ్చింది. విమర్శలు వెల్లువెత్తడంతో కొద్ది రోజుల్లోనే చాలామంది పాత ఆటగాళ్లకు ఆ నిబంధనను ఎత్తేసింది.

మన దేశంలో అత్యధిక మొబైల్ కనెక్షన్లు ప్రీపెయిడే. ఇక్కడ అలాంటి నిబంధన పెడితే మోసగాళ్లకంటే ముందు బయటకు వెళ్లేది సామాన్యులే. ఆంక్షను రూపొందించే వ్యక్తి తన చుట్టూ ఉన్నవారిని చూసి ‘ఇది అందరి దగ్గరా ఉంటుంది’ అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనిషికి కాదు, దారికి కాపలా

మూడు రూపాల్లో ఏ ఒక్కటీ సరిపోనప్పుడు ఆంక్షను ఎలా పెట్టాలి? మెరుగైన ఉదాహరణల్లో ఒక పోలిక కనిపిస్తుంది. అవి ఉచిత ఆటగాడిని మొత్తంగా కట్టడి చేయవు. దుర్వినియోగం జరిగే దారిని మాత్రం మూస్తాయి.

ఐస్‌లాండ్‌లో తయారైన ‘ఈవ్ ఆన్‌లైన్’ అంతరిక్ష ఆట 2016 నవంబరులో ఉచిత ఖాతాలను ప్రవేశపెట్టింది. ఒకే ఆటగాడు డజన్ల కొద్దీ ఖాతాలు ఒకేసారి నడపడం అక్కడి భయం. అందుకే ఉచిత ఖాతాను మరో ఖాతాతో పాటు ఏకకాలంలో తెరవనివ్వరు. ఒకే ఖాతాతో ఆడే కొత్తవాడికి ఈ నిబంధన ఉన్నట్లు కూడా తెలియదు. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ 2011లో తెచ్చిన ఉచిత ఖాతాకు 20వ స్థాయి వరకే ఆట, 10 బంగారు నాణేల పరిమితి ఉండేవి. వేలం కేంద్రం, బహిరంగ చాట్ ఉండేవి కావు. ఇవన్నీ బంగారం అమ్మే ముఠాలు వాడుకునే దారులు. జట్టులోని వారితో మాట్లాడుకోవడాన్ని మాత్రం ఆపలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ‘స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్’. 2012 నవంబరులో ఉచితమైన ఈ ఆటలో తెరపై ఉండే మీటల వరుసలను కూడా ఉచిత ఆటగాడికి తగ్గించి, అదనపు వరుసలను అమ్మకానికి పెట్టారు. మీటల వరుస తగ్గిస్తే ఏ మోసగాడూ ఆగడు. అది రక్షణ కాదు, విసిగించి కొనిపించే ఎత్తుగడ.

గుర్తింపు పరీక్షలు తప్పు చేస్తాయన్న సంగతీ మరవకూడదు. వెయ్యి కొత్త ఖాతాల్లో 100 బాట్లు, 900 మంది మనుషులు ఉన్నారనుకుందాం. బాట్లలో 95 శాతాన్ని పట్టుకుని, మనుషుల విషయంలో 5 శాతమే పొరబడే పరీక్ష ఉందనుకుందాం. అది 95 బాట్లను పట్టుకుంటుంది, వాటితో పాటు 45 మంది మనుషులను కూడా. పట్టుబడిన 140 ఖాతాల్లో దాదాపు మూడో వంతు నిర్దోషులే. వినడానికి ఎంతో మంచిదనిపించే పరీక్ష ఫలితమిది. అందుకే మొదటి చర్య శాశ్వత నిషేధం కాకూడదు. వెనక్కి తీసుకోగలిగిన చిన్న ఆంక్షతో మొదలుపెట్టాలి.

చాట్ విషయంలో కూడా మధ్యేమార్గం ఉంది. 2019 ఫిబ్రవరిలో ఉచితంగా విడుదలైన ‘ఏపెక్స్ లెజెండ్స్’లో ఒక్క మీట నొక్కితే శత్రువు ఎక్కడున్నాడో, ఆయుధం ఎక్కడుందో జట్టుకు సంకేతం వెళ్తుంది. నోరు విప్పనక్కర్లేదు. ముందే నిర్ణయించిన ఇలాంటి సంకేతాలతో తిట్లు రాయలేరు, ప్రకటనలు పంపలేరు, కానీ జట్టుగా ఆడగలరు. కొత్త ఖాతాకు స్వేచ్ఛగా రాసే చాట్‌ను కొన్నాళ్లు ఆపినా సంకేతాలు ఉంటే ఆటగాడు మూగవాడు కాడు.

మన ఫోన్లలో ఈ ప్రశ్న

మన దేశంలో చాలామందికి ఆన్‌లైన్ ఆట అంటే ఫోన్‌లో ఉచితంగా దొరికేదే. 2021 జులైలో వచ్చిన ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల ఆట, 7,000 రూపాయల ఖర్చు అనే పరిమితులు పెట్టింది. అంకెల మీద వాదన ఉండవచ్చు. పరిమితి ఎవరి రక్షణ కోసమో మాత్రం స్పష్టం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెంగా ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఉచిత ఖాతాకు ఏ సదుపాయాలు ఇవ్వాలన్నది మాత్రం ప్రధానంగా సంస్థల చేతిలోని నిర్ణయమే.

ఆ నిర్ణయానికి ఇన్నేళ్ల అనుభవం కొన్ని కొలమానాలు ఇస్తోంది. ప్రతి ఆంక్షా ఏ హానిని ఆపుతుందో చెప్పగలగాలి. జట్టుతో కలిసి ఆడటానికి అవసరమైనదాన్ని తీసేయకూడదు. గెలుపును అమ్మకానికి పెట్టకూడదు. ‘డోటా 2’ పాత్రలన్నిటినీ అందరికీ ఉచితంగా ఇచ్చి అలంకరణలను మాత్రం అమ్ముతూ నిలదొక్కుకుంది. ఆంక్ష ఎందుకుందో, ఎప్పుడు పోతుందో ఆటగాడికి తెరపైనే చెప్పాలి. అది పోవడానికి ఒకటికి మించిన దారులుండాలి. ఒకరు చిన్న కొనుగోలుతో, ఒకరు ఫోన్ నంబరుతో, మరొకరు ఫిర్యాదులు లేకుండా తోటివారితో ఆడిన మ్యాచ్‌లతో నమ్మకం సంపాదించుకోవచ్చు.

ఇవన్నీ కొలవగలిగిన విషయాలే. ఆంక్ష పెట్టిన తర్వాత బాట్లపై ఫిర్యాదులు ఎంత తగ్గాయో సంస్థలు లెక్కపెడతాయి. దాని పక్కనే మరో అంకె కూడా ఉండాలి. మొదటి వారంలోనే ఆటను వదిలేసి వెళ్లిపోయిన నిజమైన కొత్త ఆటగాళ్లు ఎంతమంది? వెళ్లిపోయినవారు ఫిర్యాదు చేయరు. వారిని లెక్కలోకి తెచ్చుకోవాల్సింది కంచె వేసినవారే.