నీళ్ల మీద నడిచే పురుగు

చెరువులో నీళ్లు నిలకడగా ఉన్న చోట ఒక పురుగు కనబడుతుంది. సన్నగా, నల్లగా ఉంటుంది. నీళ్ల మీద సర్రున జారిపోతుంది. మునగదు. చాలామంది దీన్ని సాలెపురుగు అనుకుంటారు.

కాళ్లు లెక్కపెట్టండి. సాలెపురుగుకు ఎనిమిది. దీనికి ఆరే. ముందు కాళ్లు రెండూ పొట్టివి. అవి తిండి పట్టుకోడానికి. మధ్య కాళ్లు పడవ తెడ్లలాంటివి. వాటితో ముందుకు పోతుంది. వెనక కాళ్లతో మలుపు తిరుగుతుంది.

మరి ఎందుకు మునగదు? నీటి పైభాగం బిగించిన పలచని పొరలా ఉంటుంది. ఈ పురుగు చాలా తేలిక. కాళ్ల నిండా సన్నటి నూగు ఉంటుంది. నూగులో గాలి నిలుస్తుంది. అందుకే కాళ్లు తడవవు.

అదే చెరువులో వేరే పురుగులూ ఉంటాయి. గుండ్రంగా, నిగనిగలాడుతూ, గుంపుగా గిరగిరా తిరిగేవి పెంకు పురుగులు. నీళ్లలో వేలాడుతూ, అలికిడి కాగానే మెలికలు తిరుగుతూ కిందికి పోయేవి దోమ పిల్లలు. వీటన్నిటినీ ఒకటే అనుకోకూడదు.

నీళ్ల మీద నడిచే పురుగులు వరి మడిలోనూ ఉంటాయి. వాటిలో కొన్ని చీమంత చిన్నవి. వరి దుబ్బు నుంచి సుడిదోమ పిల్ల జారి నీళ్లలో పడిందనుకోండి. నీళ్లు కదులుతాయి. ఆ కదలిక పురుగు కాళ్లకు తెలుస్తుంది. వెంటనే వచ్చి, సూదిలాంటి మూతి గుచ్చి, రసం పీల్చేస్తుంది. ఇది వరిని తినదు. రైతుకు మిత్ర పురుగు.

కనబడిన ప్రతి పురుగుకూ మందు కొడితే ఏమవుతుంది? మిత్ర పురుగులు కూడా చస్తాయి. అప్పుడు సుడిదోమకు అడ్డు ఉండదు. మళ్లీ పెరుగుతుంది. మళ్లీ మందు, మళ్లీ ఖర్చు.

మనలాగే వరి పండించే ఇండోనేషియా దేశంలో ఇదే జరిగింది. మందులు కొట్టినకొద్దీ సుడిదోమ పెరిగింది. చివరికి 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగు మందులు వాడకూడదని చెప్పింది.

అందుకే, మందు కొనే ముందు మడిలోకి దిగండి. నాలుగైదు చోట్ల దుబ్బులు తట్టి చూడండి. సుడిదోమలు ఎన్ని పడ్డాయి? వాటిని తినే పురుగులు ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టి కాగితం మీద రాయండి. వారం తర్వాత మళ్లీ రాయండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ వ్యవసాయాధికారికి చూపించండి. మందు కావాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.