ష్రింప్ క్రియోల్: న్యూ ఆర్లీన్స్ రొయ్యల వంటకాన్ని ఇంట్లో వండుకోవడం ఎలా? అందులోని రొయ్య ఎక్కడిది?

అమెరికా దక్షిణ ప్రాంతంలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున వెలసిన రేవు నగరం న్యూ ఆర్లీన్స్. టమాటా గుజ్జులో రొయ్యలను ఉడికించి తెల్లని అన్నంపై వడ్డించే ‘ష్రింప్ క్రియోల్’ ఆ నగరవాసుల ఇంటి వంట. దీనికి ఖరీదైన పాత్రలు గాని, అరుదైన నైపుణ్యం గాని అక్కరలేదు. అయినా తొలిసారి వండేవారికి తరచు గుజ్జు పచ్చివాసన వేస్తుంది, లేదా రొయ్య రబ్బరులా సాగుతుంది. రెండింటినీ ఒకేసారి పొయ్యి మీదికి ఎక్కించడమే ఇందుకు ప్రధాన కారణం. గుజ్జుకు ముప్పావు గంట కావాలి. రొయ్యకు 4 నిమిషాలు చాలు.

క్రియోల్ అంటే ఏమిటి?

న్యూ ఆర్లీన్స్‌ను ఫ్రెంచివారు 1718లో నెలకొల్పారు. ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో నగరం స్పెయిన్ ఏలుబడిలో ఉంది. 1803లో లూసియానా ప్రాంతాన్ని అమెరికా కొనుగోలు చేయడంతో ఆ దేశంలో కలిసింది. వలస భూమిలోనే పుట్టి పెరిగినవారిని తొలుత క్రియోల్ అని పిలిచారు. కాలక్రమంలో ఆ పేరు అక్కడి మిశ్రమ సంస్కృతికి, వంటకు కూడా వర్తించింది. ఆ వంటలో ఫ్రెంచి, స్పానిష్ పద్ధతులతో పాటు, బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్ల చేతి పనితనమూ ఉంది. వరి సాగు, వరి వంట పశ్చిమ ఆఫ్రికా ప్రజలకు తరతరాలుగా తెలిసిన విద్యలు. టమాటా, మిరప అమెరికా ఖండాల పంటలు.

ఉల్లిపాయ, సెలరీ కాడ, పచ్చని కాప్సికం కలిసినదే ఈ వంటకు పునాది. లూసియానా వాసులు దీన్ని ‘పవిత్ర త్రయం’ అంటారు. ఇదే కుటుంబానికి చెందిన గంబోను వేయించిన పిండితో గాని, బెండకాయతో గాని చిక్కబరుస్తారు. జాంబలాయాలో బియ్యం కూడా అదే గిన్నెలో ఉడుకుతుంది. ష్రింప్ క్రియోల్‌లో మాత్రం టమాటాదే పైచేయి. అన్నం విడిగా వండుతారు.

కావలసిన దినుసులు

నలుగురికి ఒలిచిన రొయ్యలు అర కిలో అవసరం. తలలతో కొంటే ఒలిచాక సుమారు సగం బరువే మిగులుతుంది గనుక కిలో వరకు తీసుకోవాలి. పెద్ద ఉల్లిపాయ 1, సెలరీ కాడలు 2, కాప్సికం 1, వెల్లుల్లి రెబ్బలు 4, పండిన టమాటాలు అర కిలో, వెన్న లేదా నూనె 2 పెద్ద చెంచాలు, బే ఆకు 1, ఎండు థైమ్ ఆకు అర చెంచా, కారం అర చెంచా, మిరియాల పొడి పావు చెంచా, తగినంత ఉప్పు, చివర చల్లడానికి ఉల్లికాడలు సిద్ధం చేసుకోవాలి. థైమ్ దొరకనప్పుడు చిటికెడు వాము వేయవచ్చు. రెండింటి సువాసనకూ థైమాల్ అనే పదార్థమే ముఖ్యాధారం. అయితే వాము ఘాటు ఎక్కువ గనుక చిటికెడు మించరాదు.

వండే విధానం

ముందుగా రొయ్యలను ఒలిచి, వీపు వెంట ఉన్న నల్లని దారాన్ని తీసివేయాలి. అది రొయ్య పేగు. తలలను, పెంకులను పారవేయక, బాగా కడిగి 2 గ్లాసుల నీటిలో 20 నిమిషాలు సన్నని సెగపై మరిగించి వడకట్టాలి. ఈ రసమే గుజ్జుకు సముద్రపు రుచినిస్తుంది. ఒలిచిన రొయ్యలను అంతవరకు ఫ్రిజ్‌లో ఉంచాలి.

మందపాటి అడుగున్న గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లి, సెలరీ, కాప్సికం ముక్కలను 10 నిమిషాలు మగ్గనివ్వాలి. అవి మెత్తబడాలి, మాడకూడదు. వెల్లుల్లి వేసి ఒక నిమిషం కలిపి, తొక్క తీసిన టమాటా ముక్కలు, కారం, మిరియాల పొడి, థైమ్, బే ఆకు చేర్చాలి. 10 నిమిషాల తరువాత ఒక గ్లాసు రసం పోసి, సన్నని సెగపై మరో 20 నిమిషాలు ఉడికించాలి. గరిటెతో తీస్తే జారుగా కాక, నిలకడగా ఉండే చిక్కదనం రావాలి. ఉప్పు, కారం ఈ దశలోనే సరిచూసుకోవాలి. రొయ్యలు వేసిన తరువాత సరిదిద్దే వ్యవధి ఉండదు.

అన్నం వడ్డనకు సిద్ధమయ్యాకే రొయ్యలను గుజ్జులో వేయాలి. మధ్యరకం రొయ్యలకు 3 నుంచి 4 నిమిషాలు సరిపోతుంది. పచ్చి రొయ్య పెంకులోను, చర్మంలోను ఎరుపు రంగు పదార్థం మాంసకృత్తితో బంధితమై ఉంటుంది. వేడికి ఆ బంధం విడిపోవడంతో ఎరుపు బయటపడుతుంది. రంగు మాత్రమే చూడడం చాలదు; కండ గాజులాంటి పారదర్శకతను కోల్పోయి, మధ్య వరకు తెల్లబడాలి. రొయ్య కొడవలిలా వంగితే ఉడికినట్టు. సున్నాలా బిగుసుకుపోతే కండలోని నీరు బయటికి పోయి గట్టిపడినట్టే. పొయ్యి ఆపాక కూడా గుజ్జు వేడి పనిచేస్తూనే ఉంటుంది గనుక ఆలస్యం చేయక వడ్డించాలి.

గడ్డకట్టించిన రొయ్యలను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరిగించడం క్షేమం. అమ్మోనియా వంటి ఘాటు వాసన వస్తే వాడరాదు. రొయ్యలు, పీతలు పడనివారికి తీవ్రమైన అలర్జీ కలిగే ప్రమాదం ఉంది. తలల రసం కలిసిన గుజ్జు కూడా వారికి హానికరమే.

గిన్నెలోని రొయ్య ఎక్కడిది?

ఈ వంటకం మెక్సికో సింధుశాఖలో పట్టిన తెల్ల, గోధుమ రంగు రొయ్యలతో పుట్టింది. ఆ వేటపై బతికే లూసియానా మత్స్యకారులను 2005లో కత్రినా తుపాను, 2010లో సముద్రపు చమురు బావి ప్రమాదం దెబ్బతీశాయి. చౌకగా వచ్చే దిగుమతులతో పోటీ ఆ కష్టాన్ని పెంచింది. నేడు అమెరికాలో తినే రొయ్యల్లో అత్యధిక భాగం విదేశాలవే. వాటిని సరఫరా చేసే దేశాల్లో భారత్‌ది అగ్రస్థానం. భారత్‌లో పెంచే రొయ్యల్లో ఆంధ్రప్రదేశ్‌ది సింహభాగం.

ఆంధ్ర చెరువుల్లో ఇప్పుడు ప్రధానంగా పెరిగే వెనామీ రకం కూడా పసిఫిక్ మహాసముద్రపు అమెరికా తీరానిదే. దీని సాగుకు భారత్ 2009లో అనుమతి ఇచ్చింది. అమెరికా విధించిన అదనపు సుంకాలు 2025 ఆగస్టులో 50 శాతానికి చేరినప్పుడు, ఆ భారం గోదావరి జిల్లాల రైతులనూ తాకింది.

అమెరికా దుకాణాల్లో అమ్మే పచ్చి రొయ్యలపై అవి ఏ దేశానివో తెలపడం 2005 నుంచి తప్పనిసరి. ఆ నిబంధన భోజనశాలలకు వర్తించదు. అందువల్ల లూసియానా తనదైన చట్టాన్ని తెచ్చింది. 2025 జనవరి నుంచి అక్కడి భోజనశాలలు దిగుమతి రొయ్యలు వాడితే ఆ సంగతి వంటకాల పట్టికలో చెప్పాలి. వండే పద్ధతి ఏ రొయ్యకైనా ఒక్కటే. ఎవరి శ్రమను కొనాలన్నది మాత్రం వండేవారి నిర్ణయం. ఆ నిర్ణయానికి ముందు పొట్లంపై ఉన్న దేశం పేరు చదివితే చాలు.