ముందు ఒకే భవనం, వెనక ముప్పై ఇళ్లు: ఎందుకు?

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో రాయల్ క్రెసెంట్ ముందు నుంచి చూస్తే ఒకే పెద్ద రాజభవనంలా ఉంది, వెనక్కి వెళ్తే ఏ ఇంటికి ఆ ఇల్లే. ఎందుకలా అని ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న. చాలామంది ముందున్న పచ్చికలో ఫొటో దిగి వెళ్లిపోతారు, వెనక వైపు చూడరు.

మామూలుగా ఎవరిల్లు వాళ్లు కట్టుకుంటారు కదా! అందుకే వీధిలో ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా ఉంటాయి. ఇక్కడ జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి (తండ్రి పేరూ అదే, ఈయన చిన్న వుడ్) ముందుగా గోడ ఎలా ఉండాలో నిర్ణయించాడు. నెలవంకలా వంగిన వరుస, 30 ఇళ్లు, 114 స్తంభాలు. 1767లో మొదలైన పని 1774కి పూర్తయింది.

కొనేవాళ్లు ఆ ముందు గోడలో తమ వాటా మేరకు కొన్నారు. దాని వెనక ఇల్లు మాత్రం ఎవరి మేస్త్రీతో వాళ్లు, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు కట్టించుకున్నారు. ఒకరికి గదులు ఎక్కువ కావాలి, ఇంకొకరికి కిటికీ మరోచోట కావాలి. వెనక వైపుకి ఉమ్మడి నియమం లేదు కాబట్టి ఆ తేడాలన్నీ అక్కడ బయటపడ్డాయి.

మరి ముందు గోడ అంత నున్నగా ఎలా కుదిరింది? అదంతా రాయి చలవే. బాత్ చుట్టుపక్కల దొరికే తేనెరంగు సున్నపురాయిని దగ్గరగా చూస్తే గసగసాలు అతికించినట్టు సన్నని గుండ్రని రేణువులు కనిపిస్తాయి. దాదాపు 17 కోట్ల ఏళ్ల కిందట, లోతులేని వెచ్చని సముద్రంలో చిన్న చిన్న నలుసుల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఈ రేణువులయ్యాయి. అప్పుడే గనిలోంచి తీసిన రాయిలో చెమ్మ ఉంటుంది, రంపంతో కోయొచ్చు. ఆరాక గట్టిపడుతుంది. కోసిన దిమ్మలు సమంగా ఉంటే అతుకులు సన్నగా వస్తాయి, దూరం నుంచి కనిపించవు. ఒక్క జాగ్రత్త తప్పదు: భూమిలో రాయి ఏ పొర పైకి ఉండి పడుకుందో, గోడలోనూ అలాగే పేర్చాలి. నిలువుగా పెడితే ఎండకూ వానకూ పొరలు ఊడి పడతాయి.

ముందు వైపు ఒకేలా ఉండాలన్న పట్టు ఇప్పటికీ ఉంది. 1970ల్లో 22వ నంబరు ఇంటావిడ తెల్ల తలుపుకు పసుపు రంగు వేస్తే, నగర పాలకులు తీసెయ్యమన్నారు. విచారణ జరిగింది. ఆవిడ నెగ్గింది, ఆ తలుపు పసుపుగానే మిగిలింది.