విండోస్‌ మారింది... వారంలో చెయ్యి కుదిరింది!

మిక్సీ మారినా, గ్యాస్‌ స్టవ్‌ మారినా నాలుగు రోజులు చెయ్యి తడబడుతుంది. అలాంటిది, నెలనెలా ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చిపెట్టే కంప్యూటర్లో విండోస్‌నే మార్చాలంటే భయం ఉండదా మరి?

తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తుంటాను. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, పిల్లల ప్రాజెక్టులు, చుట్టుపక్కల వాళ్ల దరఖాస్తులు... ముహూర్తాల రోజులొచ్చాయంటే ఊపిరాడదు. విండోస్‌ 10 నుంచి విండోస్‌ 11కు మారి నెల దాటింది. మారాలా, వద్దా అని ఇంకా ఊగిసలాడుతున్న వాళ్ల కోసం నా అనుభవం చెబుతాను.

మార్చక తప్పదా?

విండోస్‌ 10 వచ్చింది 2015లో. పదేళ్లు నడిచాక, 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్‌ దానికి మామూలు మద్దతు ఆపేసింది. అంటే ఆ రోజుతో కంప్యూటర్‌ మూలపడిందని కాదు. ఎప్పట్లాగే పనిచేస్తుంది. కానీ భద్రతలో లోపాలు బయటపడితే సరిచేసే అప్‌డేట్లు ఉచితంగా వాటంతటవి రావు. తలుపుకు గొళ్లెం ఉంటుంది, వదులైతే బిగించే వాళ్లుండరు. సినిమాలు చూసుకునే కంప్యూటరైతే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. నా దాంట్లో పదిమంది ఆధార్‌ కాపీలు, పాస్‌బుక్కుల స్కానింగులు ఉంటాయి. నన్ను నమ్మి ఇచ్చినవి అవి!

కొత్తది కొనాల్సిందేనా?

ఒక దుకాణంలో అడిగితే ‘ఇది పనికిరాదు, కొత్తది నలభై వేలవుతుంది’ అన్నారు. ఒక సీజన్‌ సంపాదనంతా దానికే పోతుంది. ఇంజినీరింగ్‌ చదివే మా అక్క కొడుకు మాత్రం ‘‘ఉండు చిన్నమ్మా, ముందు చూద్దాం’’ అని పీసీ హెల్త్‌ చెక్‌ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూశాడు. విండోస్‌ 11కు కనీసం 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ చోటు, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్‌, టీపీఎం 2.0 ఉండాలట. ఈ టీపీఎం అంటే బీరువాలో లోపలి లాకరు లాంటిది. తాళాల్లాంటి రహస్య సంకేతాలను అందులో దాస్తారు. 2019లో కొన్న నా కంప్యూటర్లో అది లేదనే వచ్చింది. మావాడు బయోస్‌లోకి వెళ్లి చూసి, ‘‘ఉందిలే చిన్నమ్మా, ఆపేసి పెట్టినారు, అంతే!’’ అన్నాడు. పాత హార్డ్‌ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్‌ పెంచితే ఆరు వేల లోపే అయింది. విండోస్‌ 11 మాత్రం ఉచితమే.

మొదటి రోజు ముచ్చట్లు

తెరవగానే స్టార్ట్‌ బటన్‌ ఎడమ మూల నుంచి నడిమధ్యకు వచ్చి కూర్చుంది. మైక్రోసాఫ్ట్‌ను 2014 నుంచి నడుపుతున్న సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌ గారిది మన అనంతపురం జిల్లానే అని ఎప్పుడో చెప్పాను. అది గుర్తుపెట్టుకుని మా అత్తమ్మ, ‘‘మన సీమ బిడ్డే గదా, యాడుండేది ఆడే పెట్టమని చెప్పకూడదా?’’ అంది! ఆ అవసరం లేకుండానే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్‌, టాస్క్‌బార్‌లోకి వెళ్లి ఎడమకు జరుపుకొన్నాను.

రైట్‌ క్లిక్‌ చేస్తే వచ్చే పట్టీ పొట్టిదైపోయింది. నాకు కావాల్సినవి ‘షో మోర్‌ ఆప్షన్స్‌’ నొక్కితే గానీ కనబడవు. ఇది మాత్రం ఇప్పటికీ విసుగే. డెస్క్‌టాప్‌ ఫైళ్లను వన్‌డ్రైవ్‌లో దాచమంటుంది. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పెళ్లి ఫొటోలున్న రెండు ఆర్డర్లకే నిండిపోతుంది.

బాగా నచ్చింది తెరను పంచుకోవడం. విండోస్‌ మీట, జెడ్‌ కలిపి నొక్కితే గళ్లు కనబడతాయి. ఒక పక్క చేతిరాత కాపీ ఫొటో, ఇంకో పక్క పత్రిక పెట్టుకుని టైపు చేస్తుంటే మెడనొప్పి సగం తగ్గింది.

మన తెలుగు ఏమైంది?

నా అసలు బెంగ ఇదే. అను లాంటి పాత ఫాంట్లలో చేసిన పత్రికలు వందల్లో ఉన్నాయి. ఆ ఫాంటు లేకపోతే అక్షరాలన్నీ పిచ్చిగీతలే. అందుకే ఫైళ్లతో పాటు ఫాంట్లను కూడా విడిగా దాచి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాం. అన్నీ భద్రంగా ఉన్నాయి.

యూనికోడ్‌ తెలుగుకు ఇబ్బందే లేదు. విండోస్‌లోనే తెలుగు ఫోనెటిక్‌ కీబోర్డు ఉంది. ఏఎంఎంఏ అని ఇంగ్లిషు మీటలు నొక్కితే ‘అమ్మ’ వస్తుంది. విండోస్‌ మీట, స్పేస్‌బార్‌ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఎక్స్‌పీ కాలం నాటి గౌతమి ఫాంటు కనబడకపోతే కంగారొద్దు. ఆప్షనల్‌ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్‌ ఫాంట్స్‌ ఎంచుకుంటే వచ్చేస్తుంది.

అక్కకు అదృష్టం లేదు

చిత్తూరులో ట్యూషన్లు చెప్పే మా అక్కది 2015 నాటి కంప్యూటర్‌. ప్రాసెసర్‌ జాబితాలో లేదు. ‘అడ్డదారిలో ఎక్కించేస్తాం’ అనేవాళ్లున్నారు గానీ, అలా చేస్తే అప్‌డేట్లకు పూచీ ఉండదు. ఇలాంటి వాళ్ల కోసమే మైక్రోసాఫ్ట్‌ 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే పథకం పెట్టింది. మైక్రోసాఫ్ట్‌ ఖాతాతో లాగినై సెట్టింగులను బ్యాకప్‌ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అక్క అందులో చేరింది. ఈలోగా చీటీ పాడుకుని కొత్తది కొనడమా, ఉచితంగా దొరికే లినక్స్‌ వేసుకోవడమా అని ఆలోచిస్తోంది.

మార్చే ముందు...

* ఫైళ్లు, ఫాంట్లు, ఫొటోలు వేరే డిస్కులోకి కాపీ చేయండి. రెండు మూడు తెరిచి చూసుకోండి.

* ప్రింటర్‌, స్కానర్లకు విండోస్‌ 11 డ్రైవర్లు ఉన్నాయో లేదో ముందే చూడండి.

* పెళ్లిళ్ల సీజన్లో, పరీక్షల ముందు ఈ పని పెట్టుకోకండి.

* నచ్చకపోతే 10 రోజుల్లోగా సెట్టింగ్స్‌, సిస్టమ్‌, రికవరీలోకి వెళ్లి వెనక్కి మళ్లవచ్చు. ఈలోగా మీరు వాడే ప్రోగ్రాములన్నీ ఒక్కసారైనా తెరవండి.

* దుకాణంలో ఇచ్చేసి రావద్దు. పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. అందులో ఉన్నవి మన కాగితాలు, మనల్ని నమ్మినవాళ్ల కాగితాలు కదా!