మూడోసారికి పొంగిన సజ్జ బూరె

జొన్న, సజ్జ వంటలు మళ్లీ నేర్చుకుంటున్న పల్నాటి ఇల్లు
అత్త చేతి కొలత... కోడలి చేతి గ్లాసు

శావల్యాపురం: మొదటిసారి వేసిన బూరె నూనెలో పడగానే విచ్చిపోయింది. బాణలి నిండా పిండి తేలింది. మిగిలిన ముద్ద నోట్లో వేసుకుంటే చేదు. వారం తిరక్కుండా రెండోసారి చేశారు. ఈసారి బూరె విడిపోలేదు గానీ రాయిలా బిగిసింది. పిల్లవాడు దాన్ని గచ్చు మీద కొట్టి చూపించి ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. కోడలు మాత్రం నవ్వలేదు. సరదాకు మొదలెట్టిన వంట కాదది.

మండలంలోని ఒక పల్లెలో చిన్న రైతు కుటుంబం వారిది. మిరప, పత్తి వేస్తారు. ఇంట్లో అయిదుగురు. రైతుకు నాలుగేళ్లుగా షుగరు. పదమూడేళ్ల కూతురు బడిలో తరచూ కళ్లు తిరుగుతున్నాయంటుంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.4 ఉంది. ఆ వయసు ఆడపిల్లకు 12కు తగ్గకూడదు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, ‘మూడు నెలల తర్వాత మళ్లీ తీసుకురండి. ఈలోగా తిండి కూడా మార్చండి’ అని చెప్పి పంపారు.

మార్చమంటే ఏం మార్చాలి? పొద్దున టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం బడిలో భోజనం. సాయంత్రం ఇంటికి రాగానే పది రూపాయల చిప్సు ప్యాకెట్టు. రాత్రి తెల్లన్నం, ఏదో ఒక పచ్చడి. ఇదీ ఆ పిల్ల తిండి. మండలంలో చాలా ఇళ్లలో పిల్లల తిండి ఇంతకంటే భిన్నంగా లేదు.

ఒక్క ఇంటి కథ కాదు

2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్లలోపు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు నిండిన, అయిదేళ్లలోపు పిల్లల్లో ఇది 63.2 శాతం. అంటే ప్రతి పది మంది స్త్రీలలో ఆరుగురికి ఒంట్లో చాలినంత రక్తం లేదన్నమాట. అన్నపూర్ణ అని పేరు పొందిన రాష్ట్రంలో పరిస్థితి ఇలా ఉండటం గమనార్హం.

పల్నాడు ఒకప్పుడు జొన్న సీమ. పదిహేనో శతాబ్దపు మహాకవి శ్రీనాథుడు ఈ ప్రాంతానికి వచ్చి ఇక్కడి జొన్నకూటిని ఎగతాళి చేస్తూ చాటువులు చెప్పాడని ప్రతీతి. సన్నబియ్యానికి అలవాటుపడిన కవికి జొన్నన్నం గొంతు దిగలేదట. ఆ తర్వాత కూడా ఎన్నో తరాలు ఇక్కడ జొన్న, సజ్జ, కొర్ర, వరిగ తినే బతికాయి.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీరు అందిన చోటల్లా వరి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తేవడంతో పేద ఇంట్లోనూ రోజూ తెల్లన్నం ఉడికింది. జొన్న నెమ్మదిగా పశువుల మేతకు పరిమితమైంది. ఆ జొన్నతోపాటే దాన్ని వండే తీరు కూడా వంటింట్లోంచి వెళ్లిపోయింది.

‘ఇష్టమై తిన్నామా?’

ఆ ఇంట్లో డెబ్బై ఏళ్లు దాటిన అత్తగారు ఉన్నారు. జొన్నన్నం సంగతి ఎత్తగానే ఆమె ముఖం చిట్లించారు.

‘‘ఏందమ్మాయ్, మేమేమన్నా ఇష్టమై తిన్నామా? ఇంకోటి లేక తిన్నాం. కోడి కూయకముందే లేచి రోట్లో పోసి దంచితే పొద్దెక్కేసరికి ఇంటిల్లిపాదికీ సరిపడా వచ్చేది. చేతులు బొబ్బలెక్కేయి. వరన్నం వచ్చినాక మా ఆడాళ్లకు ఊపిరి ఆడింది’’ అన్నారామె.

ఆమె మాటలో నిజం ఉంది. పాత తిండి గొప్పదని చెప్పేవాళ్లు ఆ తిండి వెనక ఆడవాళ్ల రెక్కల కష్టాన్ని చాలాసార్లు మరిచిపోతుంటారు. ఇప్పుడు దంచే పని లేదు. జొన్నలు మిల్లులో పోస్తే పిండి కావాలంటే పిండి, రవ్వ కావాలంటే రవ్వ పట్టిస్తారు. ‘‘నువ్వు దంచొద్దత్తా, ఎట్లా చేసేవాళ్లో చెప్పు చాలు’’ అని కోడలు బతిమాలింది. అత్తగారు అప్పటికి మెత్తబడ్డారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. అత్తగారికి కొలత చేతిలో ఉంది, మాటలో లేదు. ఎంత నీళ్లంటే ‘మునిగేదాకా’ అంటారు. ఎంత బెల్లమంటే ‘సరిపడా’ అంటారు. కోడలు స్టీలు గ్లాసు దగ్గర పెట్టుకుంది. అత్తగారు చేత్తో తీసిన పిండిని ముందు గ్లాసులో పోసి కొలిచి, తర్వాతే గిన్నెలో వేసింది. ఆ లెక్కలు కూతురు పాత నోటుపుస్తకంలో రాసిపెట్టింది. ఇక్కడ ఇస్తున్న కొలతలు ఆ పద్ధతిలో కుదిరినవే.

జొన్న సంగటి

జొన్న రవ్వ ఒక గ్లాసు కడిగి గంటసేపు నానబెట్టాలి. నాలుగు గ్లాసుల నీళ్లు ఎసరు పెట్టి, మరిగాక ఉప్పు వేసి, రవ్వను కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో తిప్పాలి. ఒక్కసారిగా పోస్తే ఉండ కడుతుంది. తర్వాత సెగ తగ్గించి మూతపెట్టి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడకనివ్వాలి. మధ్యమధ్య అడుగంటకుండా కలపాలి. తడి చేత్తో ముట్టుకుంటే అంటుకోకుండా ఉంటే ఉడికినట్టు. దించి పది నిమిషాలు మగ్గనిచ్చి ముద్దలు చేసుకోవచ్చు.

గోంగూర పచ్చడి, పప్పు, పచ్చి ఉల్లిపాయ ఏదైనా దీనికి జత కుదురుతుంది. రాత్రి మిగిలిన ముద్దను పొద్దున మజ్జిగలో పిసికి తాగితే ఎండాకాలం పొలం పనికి వెళ్లేవారికి హాయిగా ఉంటుంది.

జొన్న రొట్టె

గోధుమపిండిలో ఉండే సాగే గుణం జొన్నపిండిలో లేదు. అందుకే చన్నీళ్లతో కలిపితే రొట్టె విరిగిపోతుంది. పిండి ఒక గ్లాసుకు ముప్పావు గ్లాసు మరిగే నీళ్లు పోసి, ముందు గరిటెతో కలిపి, చేయి పట్టే వేడికి రాగానే అరచేత్తో బాగా మర్దించాలి. పిండి ఇంకా పొడిగా ఉంటే మరికాసిని నీళ్లు చల్లుకోవచ్చు. అంచులు పగలకుండా వచ్చేదాకా మర్దిస్తేనే రొట్టె నిలుస్తుంది. పెనం మీద వేశాక తడిబట్టతో పైన అద్ది, తడి ఆరగానే తిరగెయ్యాలి.

ఆ ఇంట్లో మొదటి రోజు అయిదు రొట్టెల్లో నాలుగు ముక్కలయ్యాయి. ముక్కలనే పప్పులో ముంచుకుని తిన్నారు. పది రోజులకు చేయి తిరిగింది.

ఇక సజ్జ బూరె

పిల్లలకు సాయంత్రం ప్యాకెట్టు మాన్పించాలంటే దాని బదులు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. అందుకే బూరెల మీద పట్టుబట్టింది కోడలు. రెండుసార్లు ఎందుకు చెడిపోయాయో అత్తగారే కనిపెట్టారు.

మొదటిసారి వాడింది నెల కిందట పట్టించిన పిండి. ‘‘వాసన చూశావా పిండి? ముక్కిపోయింది’’ అన్నారామె. సజ్జలో నూనె పాలు ఎక్కువ. గింజగా ఉన్నంతకాలం నిలుస్తుంది గానీ, పిండి పట్టిస్తే కొద్దిరోజులకే చేదెక్కుతుంది. వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. పైగా ఆరోజు బెల్లం నీళ్లు పాకం రాకముందే పిండి కలిపారు. నూనెలో విచ్చిపోవడానికి అది కారణం. రెండోసారి ఆ భయంతో పాకం ముదరనిచ్చారు. బూరె రాయి అయింది.

మూడోసారి అత్తగారు పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. బెల్లం ఒక గ్లాసు, నీళ్లు పావు గ్లాసు పోసి కరిగించి, మట్టి, ఇసుక లేకుండా వడకట్టారు. మళ్లీ పొయ్యి మీద పెట్టి, చుక్క తీసి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టగానే దించేశారు. నాలుగు ఏలకుల పొడి, రెండు చెంచాల నువ్వులు, రెండు గ్లాసుల సజ్జపిండి కొద్దికొద్దిగా వేసి కలిపారు. నూనె రాసిన ఆకు మీద అరచేతి మందాన అద్ది, మధ్యస్థంగా కాగిన నూనెలో వేశారు. బూరె అడుగు నుంచి పైకి తేలి బుగ్గలా పొంగింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

పొయ్యి అక్కర్లేని చిమ్మిలి

నూనె వంటకాలు రోజూ పనికిరావు. మధ్య రోజులకు నువ్వుల చిమ్మిలి ఉంది. రెండు గ్లాసుల నువ్వులు దోరగా వేయించి చల్లార్చి, గ్లాసున్నర బెల్లం కోరు కలిపి రోట్లో దంచితే నువ్వుల్లోని నూనె ఊరి ముద్ద అవుతుంది. ఉండలు కట్టి డబ్బాలో పెట్టుకుంటే వారం పైన నిలుస్తాయి. ఒకసారి వేయించడానికి తప్ప పొయ్యితో పనిలేదు. దంచే పని ఆ ఇంట్లో కొడుక్కి అప్పగించారు. ‘‘మగపిల్లోడు రోకలి పట్టటం ఈ ఇంట్లో ఇదే మొదలు’’ అని నాయనమ్మ మురిసిపోయారు.

పండుగ నాడు పాయసం కావాలంటే కొర్రబియ్యం ముప్పావు గ్లాసు రెండు గంటలు నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, కాచిన పాలు రెండు గ్లాసులు పోయాలి. దించి కాస్త చల్లారాకే గ్లాసు బెల్లం కరిగించిన నీళ్లు కలపాలి. పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరిగిపోయే ప్రమాదం ఉంది.

ఏ గింజలో ఏముంది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. అదే సజ్జల్లో 6.4, రాగుల్లో 4.6, జొన్నల్లో దాదాపు 4 మిల్లీగ్రాములు ఉంది. రాగుల్లో వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా నువ్వుల్లో అది వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది.

అయితే గింజలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి పుల్లటి కాయ ఏదైనా భోజనంతోపాటు తింటే బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టకుండా పోతుంది. కనీసం గంట ఎడం ఉండాలి. ఆ ఇంట్లో సంగటి చేయడం కంటే భోజనం మీద టీ మాన్పించడమే కష్టమైందని కోడలు చెబుతోంది.

మాత్రలు ఆపితే ముప్పే

భారత్ ప్రతిపాదన మేరకు ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో రాష్ట్రంలో బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఈ ప్రచారంతోపాటు కొన్ని అపోహలు కూడా ఊళ్లకు వచ్చాయి. కొర్రలు తింటే షుగరు మాయమవుతుందని, మాత్రలు అక్కర్లేదని కొందరు చెప్పుకుంటున్నారు. ఇది ప్రమాదకరం.

జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. తెల్లన్నం కంటే మెల్లగా అరుగుతుందన్నది నిజమే గానీ, కడుపునిండా నాలుగు ముద్దలు తింటే షుగరు పెరగక మానదు. బెల్లమూ చక్కెర లాంటిదే. షుగరు ఉన్నవారికి బూరె, చిమ్మిలి, పాయసం మందు కాదు. ఆ ఇంటి రైతు ఒక ముద్ద సంగటి, ఎక్కువ పప్పు, కూర తింటున్నారు. బూరెల పళ్లెం వస్తే చేయి అడ్డం పెడుతున్నారు. మాత్రలు మానలేదు. కూతురు కూడా ఇనుము మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది. తిండి మాత్రకు తోడే తప్ప మాత్రకు బదులు కాదని డాక్టరు చెప్పిన మాట ఆ ఇంట్లో అందరికీ గుర్తుంది.

ఇంకా నెల ఉంది

మూడు నెలల గడువులో రెండు నెలలు గడిచాయి. వారంలో నాలుగు రాత్రులు సంగటో, రొట్టో ఉంటోంది. మిగతా మూడు రాత్రులు అన్నమే. ‘‘రోజూ అదే పెడితే పిల్లలు పారిపోతారు’’ అంటోంది కోడలు. చిప్సు ప్యాకెట్టు పూర్తిగా పోలేదు, వారానికి ఒకటికి తగ్గింది. పక్కింటి వాళ్లు గ్లాసు పట్టుకుని కొలతలు అడగడానికి వస్తున్నారు. జొన్నలు ముఖం చిట్లించి వద్దన్న అత్తగారే ఇప్పుడు వచ్చినవాళ్లకు పాకం చూపిస్తున్నారు.

కూతురికి కళ్లు తిరగడం తగ్గిందంటున్నారు. అది మాత్రల వల్లో, తిండి వల్లో, రెండింటి వల్లో వచ్చే నెల రక్తపరీక్షలో కూడా విడదీసి తేలదు. తేలాల్సింది అంకె ఒక్కటే. ఈలోగా ఆ పిల్ల నోటుపుస్తకంలో అయిదు వంటలు చేరాయి. ఆరో పేజీ పైన ‘అరిసెలు’ అని రాసి, కింద ఖాళీ వదిలింది. సంక్రాంతికి నాయనమ్మను అడిగి నింపాలట.