వైరస్ – కణకేంద్రకం

వైరస్ తనంతట తానుగా వృద్ధి పొందలేదు. ప్రోటీన్లను నిర్మించే యంత్రాంగం గాని, శక్తిని ఉత్పత్తి చేసే సాధనం గాని దానికి లేవు. సజీవ కణంలో ప్రవేశించి, ఆ కణపు సంపదతోనే అది తన సంతతిని పెంచుకొంటుంది. అట్టి కణాన్ని ఆతిథేయ కణమంటారు. ఈ కార్యంలో కణకేంద్రకం వహించే పాత్ర ఏమిటి?

కేంద్రకం కణానికి రాజధాని వంటిది. డి.ఎన్.ఏ. భద్రంగా ఉండేది అక్కడే. అందలి సమాచారం ఆర్.ఎన్.ఏ. సందేశంగా రూపొందేదీ అక్కడే. ఆ సందేశాన్ని చదివి ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములు మాత్రం వెలుపల, కణద్రవ్యంలో ఉంటాయి. కనుక హెర్పిస్ వంటి డి.ఎన్.ఏ. వైరస్‌లు సాధారణంగా కేంద్రకంలోను, పోలియో వంటి ఆర్.ఎన్.ఏ. వైరస్‌లు కణద్రవ్యంలోను వృద్ధి పొందుతాయి. కేంద్రకాన్ని తొలగించిన కణంలో సైతం పోలియో వైరస్ వర్ధిల్లగలదు.

ఈ నియమానికి మినహాయింపులు లేకపోలేదు. మశూచి వైరస్ డి.ఎన్.ఏ. కలదే అయినా, అవసరమైన ఎంజైములు తనకే ఉన్నందున కణద్రవ్యంలోనే వృద్ధి పొందేది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఇందుకు పూర్తిగా భిన్నం. దాని జన్యుపదార్థం ఎనిమిది ఆర్.ఎన్.ఏ. ఖండాలు, అయినను అది కేంద్రకంలోనికే చేరుకొంటుంది. కణపు డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. తయారుకాకుండా నిరోధించే ఆక్టినోమైసిన్-డి అనే ఔషధం ఈ వైరస్ వృద్ధిని కూడ అరికట్టడం శాస్త్రజ్ఞులకు చిరకాలం సమస్యగా నిలిచింది.

1970 దశకం చివర అమెరికాలో రాబర్ట్ క్రుగ్, ఆయన సహచరులు ఈ చిక్కుముడిని విప్పారు. కణం తన సందేశ ఆర్.ఎన్.ఏ. మొదటి కొనకు ‘క్యాప్’ అనే రసాయనిక ముద్రను తగిలిస్తుంది. ఆ ముద్ర ఉన్న సందేశాన్నే రైబోజోములు సాధారణంగా గుర్తిస్తాయి. దానిని తయారుచేసుకొనే శక్తి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు లేదు. కేంద్రకంలో అప్పుడప్పుడే రూపొందుతున్న కణ సందేశాల కొనను, ముద్రతో సహా 10 నుండి 13 న్యూక్లియోటైడుల మేరకు, వైరస్ ఎంజైము కత్తిరించి, ఆ ముక్కకు తన సందేశాన్ని జోడిస్తుంది. దొంగిలించిన ఈ రాజముద్రను నమ్మి కణం శత్రువు ప్రోటీన్లనే నిర్మిస్తుంది! కణం సందేశాలు రాయడం మానివేస్తే దొంగకు ముద్ర దొరకదు. ఆక్టినోమైసిన్ రహస్యం ఇదే.

ఈ జ్ఞానం నిష్ఫలం కాలేదు. ఆ కత్తిరింపునే నిరోధించే బలోక్సవిర్ అనే ఔషధాన్ని 2018లో జపాను, అమెరికా దేశాలు ఇన్‌ఫ్లుయెంజా చికిత్సకు ఆమోదించాయి. “ఈ వైరస్ కేంద్రకానికి ఎందుకు పోతున్నది?” అన్న చిన్న ప్రశ్న నాలుగు దశాబ్దాలకు రోగికి మందై అందింది. ప్రయోగశాలలో నేడు మనకు కలిగే చిన్న సందేహాన్ని సైతం చిన్నచూపు చూడరాదని విద్యార్థులు గ్రహింతురుగాక.